వెలుగును దాచుకొను విద్య

ధాన్యమును పండించుట యొక విద్య. పండిన ధాన్యమును గాదెలో దాచి అవసరమైన మాసమున వెలికి దీయుట వేరొక విద్య. మొదటిది వచ్చి రెండవది రాని కుటుంబము నూర్పుల దినములందు పండుగ చేసికొని ఆషాఢమునకు అప్పులపాలగును. విద్యుచ్ఛక్తి విషయమున మన దేశము ఇంతకాలము ఇట్టి కుటుంబమువలెనే సంసారము నడపినది. మధ్యాహ్నమున సూర్యుడు ధారాళముగా నిచ్చు శక్తిని పూర్తిగ వాడుకొనజాలక వదలుకొనుచున్నాము. దీపములు వెలిగించువేళకు అదే శక్తికొరకు అంగడిలో అధికమైన వెల చెల్లించుచున్నాము. విద్యుత్తునకు గాదె కట్టు విద్య నేడు లోకమంతట వ్యాపించుచున్నది. ఆ గాదెకే పెద్ద బ్యాటరీ యని పేరు. ఈ విద్యవలన హైదరాబాదు తూర్పువాడలలో దీపముక్రింద గూర్చున్న సామాన్యునకు గలుగు మేలెట్టిది? ఈ విద్యలో తెలుగువాని స్థానమేది? ఈ రెండు ప్రశ్నలను ఈ వారము విచారింపదలచితిమి.

దిల్‌సుఖ్‌నగరు మొదలు చైతన్యపురి, కొత్తపేటల మీదుగా ఎల్.బి.నగరు కూడలివరకు సాగిన బాట సాయంకాలమందు చూడదగినది. బట్టల దుకాణములు, బంగారపు అంగళ్ళు, ఫలహారశాలలు, వాటిపైన అంతస్తులలో ఉద్యోగపరీక్షలకు శిక్షణమిచ్చు పాఠశాలలు, సందులలో వరుసగా వసతిగృహములు. నల్లగొండ, ఖమ్మము, మహబూబ్‌నగరు పల్లెలనుండియు, కోస్తా జిల్లాలనుండియు వచ్చిన యువకులు వేలకొలదిగా నిక్కడ చదువుకొనుచున్నారు. ఈ వాడకు సూర్యుడస్తమించిన పిమ్మటనే పని ముమ్మరమగును. సూర్యవిద్యుత్తు ఆగిపోవు గడియకు ఇక్కడి ఫంకాలు, శీతలయంత్రములు, అంగళ్ళ దీపములు పూర్తిగ నడవసాగును. సాయంకాలపు కొరతయన నేమియో తెలిసికొనవలయునన్న శాసనసభా నివేదికలు తిరుగవేయ నక్కరలేదు. ఏప్రిలు మాసమున ఈ బాట వెంట నడచిన చాలును.

2014వ సంవత్సరమునకు ముందటి వేసవులలో గంటలకొలది విద్యుత్తు కోత ననుభవించినవారికి ఇన్వర్టరు ఎట్లు ఇంటిలోని వస్తువైనదో జ్ఞాపకముండును. స్తోమతగల ప్రతివాడును మెట్లక్రిందనో, బాల్కనీ మూలనో ఒక సీసపు బ్యాటరీని నిలిపికొనెను. తరువాత కోతలు తగ్గినవి. 2018 జనవరి 1వ తేదీనుండి తెలంగాణమున వ్యవసాయమునకును 24 గంటలు ఉచిత విద్యుత్తు ఇయ్యబడినది. ఐనను ఆ బ్యాటరీలు ఇండ్లనుండి కదలలేదు. గాలివాన వచ్చి తీగ తెగినపుడు, ట్రాన్స్‌ఫార్మరు బరువు మోయలేక కూలినపుడు అవే దిక్కు. ఇంటి బ్యాటరీలో నిలువచేయగలది సుమారు రెండు యూనిట్లకు లోపు. దానికి పదిపదిహేను వేల రూపాయలు వెచ్చింపవలెను. నాలుగైదేండ్లకు మరల క్రొత్తది కొనవలెను. ఇది పేరులేని పన్ను. ఈ పన్ను చెల్లింపగలవాడు వెలుగులో నుండును, చెల్లింపలేనివాడు విసనకఱ్ఱ చేతబట్టును. గాదె ఊరికంతకు ఒకటియై యుండవలసినచోట ఇంటికొకటి కట్టుకొన్న ఫలితమిది.

ఊరి గాదె కట్టుటకు ఇంతకాలము అడ్డుపడినది వెల. ఆ అడ్డు నేడు తొలగుచున్నది. 2010 ప్రాంతమున ఒక యూనిటు శక్తిని దాచగల లిథియం బ్యాటరీ వెల 1,000 డాలర్లకు పైన నుండెను. 2024లో లోకపు సగటు వెల 115 డాలర్లకు దిగినది. మన దేశమున పెద్ద బ్యాటరీలను కట్టి, వాటిని విద్యుత్సంస్థలకు అద్దెకిచ్చు పద్ధతి గలదు. 2022లో కేంద్రప్రభుత్వపు సౌరవిద్యుత్సంస్థ పిలిచిన టెండరులో ఈ అద్దె మెగావాటుకు నెలకు 10 లక్షల 84 వేల రూపాయలుగా తేలినది. 2024 మార్చిలో గుజరాతు టెండరులో అది 4 లక్షల 49 వేలకు దిగెను. 2025 నాటికి కొన్ని రాష్ట్రముల టెండర్లలో, కేంద్రసహాయముతో గూడి, 2 లక్షల 20 వేల పరిసరములకు వచ్చినది. మూడేండ్లలో అయిదవవంతుకు పడిపోయిన వస్తువులు లోకమున అరుదు.

అద్దెలెక్క సామాన్యునకు అర్థముగాదు గనుక దానిని యూనిట్లలోనికి మార్చి చూతము. ఒక మెగావాటు చొప్పున రెండుగంటలు శక్తినీయగల బ్యాటరీని దినమున కొకసారి నింపి వాడినచో నెలకు సుమారు 60,000 యూనిట్లు వచ్చును. అద్దె 10 లక్షల 84 వేలైనపుడు యూనిటును దాచుటకు 18 రూపాయలు పట్టెను. 2 లక్షల 20 వేలైనపుడు 3 రూపాయల 67 పైసలు. దినమునకు రెండుమార్లు నింపి వాడగలిగినచో ఇందులో సగమే. పగటి సూర్యవిద్యుత్తు యూనిటు రెండున్నర రూపాయలనుకొందము. నింపి తీయుటలో నూటికి పదిహేను వంతులు తరుగు పోవును గావున ఆ రెండున్నర ఇంచుమించు 2 రూపాయల 94 పైసలగును. రెండును గలిసి ఆరురూపాయల అరువదియొక్క పైసలు. విద్యుత్తు సంతలో సాయంకాలపు కొరతవేళ ధర యూనిటుకు 10 రూపాయల గరిష్ఠపరిమితిని తాకుట కొనుగోలుదారులకు క్రొత్తగాదు. ఈ లెక్కనుబట్టి బ్యాటరీ నేడు ధనికదేశముల విలాసవస్తువు గాదనియు, లెక్కలు తెలిసిన గృహస్థు చేయదగిన వ్యయమనియు స్పష్టము.

ఇతరులు దీనిని చేసి చూపినారు. 2016 సెప్టెంబరులో దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రమంతయు చీకటిలో మునిగినది. మరుసటి సంవత్సరమే అక్కడ హార్న్స్‌డేల్ అనుచోట 100 మెగావాట్ల బ్యాటరీని నిలిపిరి. ఆనాటికి లోకమున నదియే పెద్దది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రము 2024 నాటికి 13,000 మెగావాట్లకు మించిన బ్యాటరీలను సమకూర్చుకొని, పగటి సూర్యుని సాయంకాలపు వంటిండ్లకు తరలించుచున్నది. అంతదూరము పోనేల? ఢిల్లీనగరమున కిలోకరి సబ్‌స్టేషనులో 20 మెగావాట్లు, 40 మెగావాటు గంటల బ్యాటరీ 2025లో పనిలోనికి వచ్చినది. అందులో ఒక్కసారి నిండు శక్తి 40,000 యూనిట్లు. అనగా ఇరువదిరెండు వేల ఇండ్లలో మెట్లక్రిందనున్న బ్యాటరీల మొత్తమునకు సమానము. జనము కిక్కిరిసిన నగరమధ్యమున, సబ్‌స్టేషను ఆవరణములోనే ఇది సాధ్యమైనది. దిల్‌సుఖ్‌నగరుకు కావలసిన ఉదాహరణ మిదియే.

నీటిని గుట్టపైకి తోడి మరల క్రిందికి వదలి విద్యుత్తు తీయు పద్ధతి మనకుండగా బ్యాటరీ యేల యని కొందరు ప్రశ్నింపవచ్చును. ఆ పద్ధతి మన ప్రాంతమునకు పరిచితమే. శ్రీశైలము ఎడమగట్టున 150 మెగావాట్ల యంత్రములు ఆరు అట్టి పనికై నిర్మింపబడినవి. నాగార్జునసాగరమున 100 మెగావాట్లకు కొంచెము పైబడిన యంత్రములు ఏడు గలవు. కర్నూలు సీమలో పిన్నాపురమువద్ద 1,680 మెగావాట్ల నిర్మాణమునకు 2022 మేలో శంకుస్థాపన జరిగినది. దానిని తలపెట్టినది హైదరాబాదు కేంద్రముగా గల గ్రీన్‌కో సంస్థ. ఆరేడు గంటలు నిలువవలసిన శక్తికి గుట్టయు నీరును మేలు. కాని కృష్ణానదిపై యంత్రములు క్రిందిజలాశయమున నీరున్నప్పుడే వెనుకకు తిరుగగలవు. ఆ నీటిపై రెండు తెలుగు రాష్ట్రములకు వివాదము తెగలేదు. అన్నిటికి మించి, గుట్టను తెచ్చి కొత్తపేటలో నిలుపజాలము. దూరపు జలాశయము నుండి వచ్చు శక్తియు తుదకు అదే పాత కేబులులో, అదే ట్రాన్స్‌ఫార్మరులో దూరవలసినదే. వాడకు చేరువనున్న బ్యాటరీయో, మధ్యాహ్నము ఆ తీగలు ఖాళీగా నున్నపుడు నిండి, రాత్రి తీగలపై బరువు తగ్గించును. రెండును వలయును; ఒకటి రెండవదానికి బదులు గాదు.

తెలంగాణమున గరిష్ఠవినియోగము 2025 మార్చిలో 17,000 మెగావాట్లను దాటినది. ఆ మాసపు బరువులో పెద్దభాగము యాసంగి పొలములది. ఇరువదియైదు లక్షలకు పైబడిన పంపుసెట్లు నీరు తోడుచుండును. ఆ పంపులను పగలు నడపుటకు సూర్యుడు సరిపోవును. రాత్రి నగరమునకు మాత్రము సూర్యుడు లేడు. రాష్ట్రప్రభుత్వము 2025లో ప్రకటించిన విధానమున 2030 నాటికి మరి 20,000 మెగావాట్ల నూతనశక్తిని చేర్చుట లక్ష్యముగా నున్నది. నిలువచేయు ఏర్పాటు లేక ఇంత సూర్యశక్తిని చేర్చుట గాదెలేని యింటికి పది ఎకరముల మాగాణి కొనుటవంటిది. కేంద్ర విద్యుత్ ప్రాధికారసంస్థ 2023లో వేసిన అంచనా ప్రకారము 2031–32 నాటికి దేశమునకు 411 గిగావాటు గంటల నిలువశక్తి కావలయును. అందులో 236 బ్యాటరీలవంతు, మిగిలినది నీటివంతు. ఇది మన కన్నులయెదుట పుట్టుచున్న మహాపరిశ్రమ. దీని లాభమెవరిది యన్న ప్రశ్న ఇక్కడనే తలయెత్తుచున్నది.

ఈ విషయమున మనవారు తప్పక తెలిసికొనవలసిన చరిత్రమొకటి గలదు. నేడు పెద్దబ్యాటరీలలో అధికభాగమునకు ప్రాణము లిథియం ఐరన్ ఫాస్ఫేటు అను పదార్థము. ఇనుము, భాస్వరము సులభముగా దొరకునవి; ఈ పదార్థము తక్కిన లిథియం పదార్థములకంటె మంటకు లొంగుట తక్కువ; వేలమార్లు నింపి తీసినను చెడదు. దీని గుణములను లోకమునకు చాటిన శాస్త్రపత్రము 1997లో వెలువడెను. దానిపై మూడు పేర్లున్నవి: అక్షయ పాఢీ, కె. ఎస్. నంజుండస్వామి, జాన్ గుడెనఫ్. టెక్సాసు విశ్వవిద్యాలయమున గుడెనఫ్ పండితునితో గలిసి ఆ పని చేసిన మొదటి యిరువురును భారతీయులు. గుడెనఫ్ పండితునికి లిథియం బ్యాటరీల కృషికై 2019లో నోబెలు బహుమానము పంచియిచ్చిరి. ఆ పదార్థమును పరిశ్రమగా పెంచి లోకమునకు అమ్ముచున్నది మాత్రము చీనా. లోకమున తయారగు లిథియం సెల్లులలో మూడువంతులకు పైగా చీనావే. ఈ ఫాస్ఫేటు పదార్థమో ఇంచుమించు సర్వము అక్కడిదే. నాడు మన దూది సీమకు పోయి బట్టయై తిరిగివచ్చెను. నేడు మన బుద్ధి పరదేశమునకు పోయి సరకై తిరిగివచ్చుచున్నది. దూది పోయినందుకు పరపాలనను నిందించితిమి. బుద్ధి పోయినందుకు ఎవరిని నిందింతుము?

విదేశపు సరకు చౌకగా వచ్చుచుండగా కొనుట తప్పా యని వర్తకులడుగుదురు. ఈ ప్రశ్నను మేము తేలికగా త్రోసివేయము. బ్యాటరీ పెట్రోలువంటిది గాదు. పెట్రోలు నేడు కొని నేడే కాల్చవలెను, రేపు మరల కొనవలెను. బ్యాటరీని ఒకసారి కొన్నచో పదిపదిహేనేండ్లు మన సూర్యుడే దానిని నింపును. కాబట్టి నేడు చౌకగా దొరకు సెల్లులతో పని ప్రారంభించుట దోషము గాదు. స్వదేశి పేరిట దిల్‌సుఖ్‌నగరువాసిని మరి పదేండ్లు చీకటిలో నుంచుటయే దోషము. ఐతే అన్నిటికి అదే దారియని నమ్మియుండుట ప్రమాదకరము. 2025 జూలైలో చీనా ప్రభుత్వము ఈ ఫాస్ఫేటు పదార్థము చేయు విద్య తమ యనుమతిలేక దేశము దాటరాదని కట్టడిచేసినది. అదే సంవత్సరము అక్టోబరులో బ్యాటరీ సామగ్రి ఎగుమతులపై మరికొన్ని నిర్బంధములు ప్రకటించి, నవంబరులో వాటిని తాత్కాలికముగా నిలిపినది. ప్రకటించుట, నిలుపుట రెండును వారి చేతిలోనివే. అమ్మువాడు తలుపు మూయగలడని తెలిసిన తరువాతను కొనువాడు వంట నేర్చుకొనకుండుట వివేకము గాదు.

మన ప్రభుత్వము మేల్కొనలేదని చెప్పుట అన్యాయము. 2021 మేలో దేశమున 50 గిగావాటు గంటల సెల్లుల తయారీకి 18,100 కోట్ల రూపాయల ప్రోత్సాహము ప్రకటించిరి. 2023 సెప్టెంబరులో 4,000 మెగావాటు గంటల బ్యాటరీల నిర్మాణమునకు పెట్టుబడిలో నూటికి 40 వరకు సాయము మంజూరుచేసిరి. 2025 జూనులో మరి 30 గిగావాటు గంటలకు 5,400 కోట్లు కేటాయించిరి. కాని రెండు సాయముల ఫలితములలో తారతమ్యము గమనింపదగినది. బ్యాటరీలను కొని నిలుపుటకిచ్చిన సాయమునకు టెండర్లు వెల్లువగా వచ్చినవి. సెల్లులను చేయుటకిచ్చిన ప్రోత్సాహమువలన 2025 నాటికి నిలిచిన తయారీ, సంకల్పించినదానిలో స్వల్పభాగము మాత్రమే. కొనుటలో త్వర, చేయుటలో జాగు. విదేశపు సెల్లులను తెచ్చి ఇక్కడ ఇనుపపెట్టెలో అమర్చి దానిపై స్వదేశి యని వ్రాసిన మాత్రమున అది స్వదేశి కానేరదు. పెట్టె మనది, ప్రాణము పరులది.

తెలుగువారికి ఈ పని చేతగాదనువారికి మన చరిత్రమే సమాధానము. హైదరాబాదు బ్యాటరీస్ అను పేరుతో 1977లో ఈ నగరమున పుట్టిన సంస్థ రైళ్ళకు, విమానములకు, సైన్యమునకు పనికివచ్చు బ్యాటరీలను చేసి పేరుగాంచినది. గల్లా రామచంద్రనాయుడుగారు 1985లో తిరుపతి సీమలో స్థాపించిన అమరరాజా సంస్థ 1997లో అమెరికావారి జాన్సన్ కంట్రోల్స్ సంస్థతో పొత్తు పెట్టుకొనెను. 2019లో ఆ పొత్తు ముగిసినది. పరిశ్రమ మాత్రము ఆగలేదు. పొత్తు ఉన్నంతకాలము విద్య నేర్చుకొన్నవాడు పొత్తు పోయినను బ్రతుకును. ఆ సంస్థయే నేడు మహబూబ్‌నగరు దగ్గర దివిటిపల్లిలో లిథియం సెల్లుల కర్మాగారమునకు పూనినది. 2023 మేలో శంకుస్థాపన జరిగినది. 9,500 కోట్ల రూపాయల పెట్టుబడియు, 16 గిగావాటు గంటల సెల్లుల ఉత్పత్తియు సంకల్పితములు. 2024 జూనులో ఫాస్ఫేటు సెల్లుల విద్యకై చీనా కంపెనీయైన గోషన్ వారి అనుబంధసంస్థతో లైసెన్సు ఒప్పందము చేసికొనిరి. ఇరువురు భారతీయుల పేర్లతో వెలువడిన విద్యను ఇరువదియేడేండ్లకు భారతీయులే వెలయిచ్చి తెచ్చుకొనవలసివచ్చినది. ఇందుకు ఆ సంస్థను తప్పుపట్టుటలేదు. కావలసిన విద్య ఎక్కడనున్న అక్కడ తెచ్చుకొనుట పారిశ్రామికుని ధర్మము. నేర్చుకొనుటయా, అద్దెకు తెచ్చుకొనుటయా యన్నదే ఇక ముందు చూడవలసినది.

దిల్‌సుఖ్‌నగరుకు దక్షిణమున కొన్నిమైళ్ళ దూరములో బాలాపూరు గలదు. అక్కడి గణేశుని లడ్డూ వేలమును ఎఱుగనివారుండరు. అదే బాలాపూరులో కేంద్రప్రభుత్వపు శాస్త్రసాంకేతికశాఖకు చెందిన పరిశోధనాలయ మొకటి యున్నదనియు, లోహచూర్ణముల విద్యకును క్రొత్త పదార్థములకును స్థాపింపబడిన ఆ సంస్థలో ఈ లిథియం ఐరన్ ఫాస్ఫేటును స్వయముగా తయారుచేయు పద్ధతిని సాధించిరనియు ఎందరెఱుగుదురు? ఆ పద్ధతిని హైదరాబాదుకే చెందిన ఆల్ట్‌మిన్ అను సంస్థకు అందించిరి. దివిటిపల్లి పారిశ్రామికవాడలో 2025 మేలో కేంద్రమంత్రి శంకుస్థాపన చేసిన నిర్మాణములలో ఆ సంస్థదియు నొకటి. చీనా తలుపు మూసిన విద్యకు తాళపుచెవి మన పొరుగుననే తయారగుచున్నదన్నమాట. ప్రయోగశాలలో కిలోలలెక్కన చేసినది కర్మాగారమున వేలటన్నుల లెక్కన, ఒకే నాణ్యముతో, చీనావారి వెలకు చేయుట వేఱుపని. అది కష్టమైన పని. ఆ కష్టకాలమున ఆదుకొనుటకే ప్రభుత్వములున్నవి.

కావున మేము కోరునవి నాలుగు. మొదటిది: తెలంగాణ దక్షిణ విద్యుత్ పంపిణీసంస్థవారు దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి.నగరు ప్రాంతములవంటి రద్దీ వాడల సబ్‌స్టేషనులలో, స్థలమున్నచోట, కిలోకరి పద్ధతిని బ్యాటరీలను నిలుపవలయును. సబ్‌స్టేషను బ్యాటరీ తెగిన తీగను అతుకజాలదు. వీథిలో చెట్టు కూలినపుడు ఇంటి ఇన్వర్టరే గతి. కాని సాయంకాలపు బరువును మోసి, ట్రాన్స్‌ఫార్మర్లను కాపాడి, అధికధర కొనుగోళ్ళను తగ్గించుట దానివలన అగును. ఆ ఆదాయెంతయో ఏటేట లెక్కగట్టి ప్రజలకు ప్రకటింపవలయును. ఆ లాభము బిల్లులలో కనబడవలయును.

రెండవది: టెండర్లలో తక్కువ అద్దె యొక్కటే గీటురాయి కారాదు. మితిమీరిన తక్కువ ధర పాడి, పిమ్మట పని విడిచిపెట్టువానికంటె ఒకపాలు ఎక్కువ పాడి నిలుపువాడు మేలు. సెల్లు ఎక్కడ తయారైనది, ఫాస్ఫేటు ఎక్కడ తయారైనదని అడిగి, ఏటేట స్వదేశపు వంతు పెరుగునట్లు ముందుగా కాలపట్టిక ప్రకటింపవలయును. కొనువారున్నారన్న ధైర్యములేక కర్మాగారము కట్టు సాహసి యుండడు. రాష్ట్రములు కొనబోవు బ్యాటరీలలో కొంతవంతు దివిటిపల్లివంటి చోట్ల తయారైనవానికి కేటాయించినచో బాలాపూరు పరిశోధన కాగితములపై మిగిలిపోదు.

మూడవది ప్రాణరక్షణ. 2022 సెప్టెంబరులో సికింద్రాబాదున విద్యుత్ స్కూటర్ల విక్రయశాలలో పుట్టిన మంట పొగయై పైయంతస్తుల వసతిగృహమునకు ప్రాకి 8 మందిని బలిగొన్నది. క్రింద అంగడి, పైన వసతి. దిల్‌సుఖ్‌నగరులోని మేడలును ఇట్టివే గదా! 2025 జనవరిలో కాలిఫోర్నియా మాస్ లాండింగు బ్యాటరీశాల తగులబడగా వేయిమందికి పైగా ఇండ్లు విడిచిపోవలసివచ్చినది. అక్కడ వాడినది నికెలు కలిసిన పాతతరపు లిథియం పదార్థము. అన్నిటిని ఒకే కప్పుక్రింద పేర్చిరి. ఫాస్ఫేటు రకము అంతకంటె క్షేమమైనది. విడివిడి పెట్టెలుగా, నడుమ ఎడముంచి, బహిరంగమున నిలిపినచో ఒకదాని మంట రెండవదానికి ప్రాకు ప్రమాదము తగ్గును. ఈ నియమములను పాటించినగాని సబ్‌స్టేషనులో ఒక్క బ్యాటరీనైనను నిలుపరాదు. వసతిగృహముల మెట్లక్రింద స్కూటర్ల బ్యాటరీలను నింపు అలవాటును పురపాలకసంస్థ అగ్నిమాపకశాఖతో గలిసి వెంటనే అరికట్టవలయును. పాడైన సీసపు బ్యాటరీని పాతసామానుల వానికి అమ్మి, అతడు దానిని జనావాసమున కరిగించి సీసపు పొగను పిల్లల ఊపిరిలోనికి పంపుటయు మానవలయును. 2022లో వెలువడిన బ్యాటరీ వ్యర్థముల నియమావళి పాతబ్యాటరీలను తిరిగి తీసికొను బాధ్యతను తయారీదారులపై నుంచినది. ఆ నియమము అంగడి బల్లవరకు దిగి రావలసియున్నది.

నాలుగవది యువజనుల విషయము. ఈ వాడలో వేలమంది పట్టభద్రులు కొలదిపాటి ప్రభుత్వోద్యోగములకై యేండ్లకొలది పుస్తకములు వల్లెవేయుచున్నారు. వారిని నిందించుట మా యుద్దేశము గాదు. వేరుదారి చూపని సంఘము నిందార్హము. సెల్లులను చేయుటకు రసాయనవేత్తలు, పొడిలేని గదులలో యంత్రములు నడపువారు, నాణ్యము పరీక్షించువారు కావలయును. నిలిపిన బ్యాటరీలను కాపాడుటకు విద్యుత్పనివారు కావలయును. బాలాపూరు పరిశోధనాలయమును, ప్రాంతపు ఇంజనీరింగు కళాశాలలను, పాలిటెక్నిక్కులను ఒక త్రాటికి తెచ్చి ఈ విద్యలో శిక్షణము నేర్పరచినచో, పరీక్షాకేంద్రములముందు బారులుతీరు యువకులలో కొందరికైనను చేతినిండ పని దొరకును. పాఢీ, నంజుండస్వాములవంటివారు పరదేశమునకు పోయి చేసిన పనిని వారి తరువాతివారు ఇక్కడనే చేయగల స్థితి కల్పించుట జాతికి కర్తవ్యము.

పాఠకమహాశయులును చేయదగినది గలదు. క్రొత్త బ్యాటరీ కొనునపుడు సెల్లు ఎక్కడిదని అడుగుడు. పాతదానిని రసీదు పుచ్చుకొనిగాని ఇయ్యకుడు. మీ వాడ సబ్‌స్టేషనులో ఏమి జరుగుచున్నదో మీ కార్పొరేటరును, శాసనసభ్యుని అడుగుడు. అడుగనివానికి అమ్మయైనను పెట్టదను సామెత పాతదైనను నిజము.

గాదె కట్టువేళ దాటిపోలేదు. వెల దిగినది, విద్య పొరుగున నున్నది, సూర్యుడు ఎన్నడును కొఱత చేయలేదు. ఇక కావలసినది పాలకుల పట్టుదల, ప్రజల జాగరూకత. పగటివెలుగును రాత్రికి దాచుకొను ఈ విద్యలో తెలుగునాడు కొనుగోలుదారుగ మిగిలిపోక కర్తగా నిలుచుగాక! దిల్‌సుఖ్‌నగరు సందులలో చదువుకొను పేదబాలుని దీపము, పొరుగింటి ధనికుని దీపముతో సమముగా వెలుగుగాక!